పిడుదు రోజుల తరబడి రక్తం తాగుతున్నా ఆవు ఒంట్లోని తెల్లరక్తకణాలు ఎందుకు ఊరుకుంటాయి?

పల్నాడు_పాడి:

అందరికీ నమస్కారం. మాకు హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే యూరప్ జాతి) క్రాస్ ఆవులు, కొన్ని గేదెలు, నాన్న పట్టుబట్టి ఉంచుకున్న ఒక ఒంగోలు ఆవు ఉన్నాయి. వానలు మొదలైతే చాలు పిడుదులు పడతాయి. మందు కొడుతూనే ఉన్నాం, నా ప్రశ్న మందుల గురించి కాదు.

దోమ కుడితే కాసేపట్లోనే దద్దు లేస్తుంది, దురద పెడుతుంది, చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. పిడుదు అలా కాదు. పొదుగు పక్కనో తోక కిందో చర్మంలోకి మూతి దించి, ఉబ్బి రాలిపోయేదాకా అక్కడే ఉంటుంది. అన్ని రోజులు ఒక పరాయి జీవి మూతి కండలో దిగి ఉంటే వాపు రావాలి, చీము పట్టాలి, ఆవు గోక్కోవాలి కదా? మా క్రాస్ ఆవులు చాలాసార్లు అసలు పట్టించుకోనే పట్టించుకోవు. డాక్టరు గారిని అడిగితే "దాని ఉమ్మిలో ఇమ్యూనిటీని అణిచేసే పదార్థాలుంటాయి" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లారు, పాపం ఆయనకి ఆ రోజు ఇంకా నాలుగు ఊళ్లు తిరగాల్సి ఉంది.

ఏ కణాలను అణిచేస్తుంది, ఎలా? దానివల్ల ఆవు మొత్తం ఇమ్యూనిటీ పడిపోతుందా? ఒంగోలు ఆవుకి పక్కనే కట్టేసి ఉన్నా అన్ని పిడుదులు పట్టవు, అదెందుకు? బీఎస్సీ జువాలజీ చదివాను, కాస్త లోతుగా చెప్పినా పర్వాలేదు.

కణం_కబుర్లు:

నేను హైదరాబాద్‌లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నానండి. నా పని పిడుదుల మీద కాదు గానీ ఈ పరిశోధనలంటే నాకు చాలా ఇష్టం, దొరికినవన్నీ చదువుతుంటాను. కాస్త పొడుగ్గానే రాస్తాను.

"ఇమ్యూనిటీని అణిచేస్తుంది" అన్నది నిజమే, కానీ ఆ ఒక్క మాటలో అసలు సంగతి తెలియదు. పిడుదు లాలాజలంలో ఉండేది ఏదో ఒక విషం కాదు. వందల రకాల ప్రోటీన్లు, వాటితో పాటు ప్రోస్టాగ్లాండిన్ల లాంటి చిన్న అణువులు ఉంటాయి. చర్మానికి గాయమైతే ఒంట్లో ఒకదాని వెంట ఒకటిగా ఏయే పనులు మొదలవుతాయో, దాదాపు ప్రతి పనికీ అడ్డుపడే పదార్థం అందులో దొరుకుతుంది. ఒక్కో పనికి రెండు మూడు రకాలు కూడా ఉంటాయి.

దోమ సన్నని గొట్టాన్ని నేరుగా రక్తనాళంలోకి దించి నిమిషాల్లో పని ముగించుకుంటుంది. పిడుదు చర్మాన్ని కోసి, ముళ్లున్న మూతిని దించి, కింద చిన్న రక్తపు గుంట చేసుకుని అందులోంచి తాగుతుంది. చాలా జాతుల లాలాజలంలో గట్టిపడి మూతిని అతికించే పదార్థం కూడా ఉంటుంది, పీకితే అంత తేలిగ్గా ఊడి రాకపోవడానికి అదొక కారణం. ఇంకో విషయం, తాగిన రక్తంలోని నీటిలో ఎక్కువ భాగాన్ని పిడుదు మళ్లీ లాలాజలంగా ఆవులోకే వదిలేస్తుంది, దానికి కావలసిన సారం మాత్రం ఉంచుకుంటుంది. అంటే కాసేపు తాగడం కాసేపు ఉమ్మడం, ఇదే రోజుల తరబడి నడుస్తుంది. ఆ గుంట దగ్గరికి వచ్చిన ప్రతి తెల్లరక్తకణమూ ఈ లాలాజలంలో తడవాల్సిందే.

ఇక కణాల సంగతి. చర్మంలో మొదట స్పందించేవి మాస్ట్ కణాలు, అవి వదిలే హిస్టమిన్ వల్లే దురద, ఎర్రదనం, వాపు వస్తాయి. ఆఫ్రికాలో పశువులను పట్టే రైపిసెఫాలస్ అపెండిక్యులేటస్ అనే పిడుదులో హిస్టమిన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్లు ఉన్నాయని 1999లో తేలింది. మాస్ట్ కణం తన పని తను చేస్తుంది, హిస్టమిన్ వదులుతుంది, కానీ అది నరాన్ని తాకేలోపే ఈ ప్రోటీన్ దాన్ని మింగేస్తుంది. అమెరికాలో లైమ్ జ్వరాన్ని అంటించే ఐక్సోడిస్ స్కాపులారిస్ లాలాజలంలోనైతే నొప్పిని పుట్టించే బ్రాడికైనిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ ఉంది. మీ ఆవు గోక్కోకపోవడానికి ఇలాంటివే కారణం.

తర్వాత రావలసినవి న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు. గాయమైన చోటి నుంచి కీమోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు వెలువడతాయి, రక్తంలో తిరిగే కణాలు వాటి జాడ పట్టుకుని అక్కడికి చేరతాయి. మన కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఉంది కదా, రైపిసెఫాలస్ సాంగ్వినియస్, దాని లాలాజలంలో ఎవాసిన్లు అనే ప్రోటీన్లు దొరికాయి. ఎవాసిన్-1, ఎవాసిన్-4 ఒక తరగతి కీమోకైన్లను పట్టేస్తాయి, ఎవాసిన్-3 ఇంకో తరగతిని, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్‌ను పిలిచే వాటిని పట్టేస్తుంది. కణాలకేమీ కాదు, అవి ఆరోగ్యంగానే రక్తంలో తిరుగుతుంటాయి, వాటికి ఎటు వెళ్లాలో కబురు అందదు అంతే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇదే.

ఆ తర్వాత డెండ్రైటిక్ కణాలు. పరాయి ప్రోటీన్‌ను పట్టుకుని దగ్గరలోని లింఫ్ గ్రంథికి పోయి, పరాయివాటి మీద పోరాటాన్ని నడిపే టి కణాలకు చూపించడం వీటి పని, ఒంటికి జ్ఞాపకం ఏర్పడేది అక్కడే. పిడుదు లాలాజలంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది, ఇది డెండ్రైటిక్ కణాలు సరిగ్గా పరిపక్వం కాకుండా, మంటను రేపే సైటోకైన్లను (కణాలు వదిలే సంకేత ప్రోటీన్లను) విడుదల చేయకుండా ఆపుతుంది. ఆఫ్రికా పిడుదులో జపానిన్ అనే ప్రోటీన్ కూడా ఇవే కణాల తీరును మార్చేస్తుంది. ఇక టి కణాల దగ్గరికి వస్తే, ఐక్సోడిస్ స్కాపులారిస్‌లోని శాల్ప్15 అనే ప్రోటీన్ నేరుగా సిడి4 టి కణం మీద ఉండే సిడి4 అనే ప్రోటీన్‌కే అంటుకుని, ఆ కణం మేలుకోకుండా, టి కణాలు పెరగడానికి కావలసిన ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్‌ను తయారు చేయకుండా చేస్తుంది. ఇది టి కణాలను మేలుకోనివ్వదని 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు, సిడి4కే అంటుకుంటుందన్నది తర్వాత తేలింది. లైమ్ బ్యాక్టీరియా ఇదే శాల్ప్15ను తన ఒంటికి పూసుకుని యాంటీబాడీల నుంచి తప్పించుకుంటుందని తర్వాత బయటపడింది, పిడుదు తన కోసం తయారుచేసుకున్నదాన్ని దానిలో ఉన్న క్రిమి కూడా వాడేసుకుంటోంది.

అంతా దాటుకుని యాంటీబాడీలు తయారయ్యాయే అనుకోండి. రక్తంతో పాటు అవి కూడా పిడుదు లోపలికి పోతాయి, కొన్ని జాతుల్లో వాటిని పట్టుకుని మళ్లీ లాలాజలంతో బయటికి తోసేసే ప్రోటీన్లు కూడా ఉన్నాయి.

నేను పేర్లు చెప్పిన ప్రోటీన్లన్నీ ఒకే పిడుదులో ఉంటాయని కాదండి. జాతిని బట్టి మారతాయి, ఒకే పిడుదులో మొదటి రోజుకీ ఐదో రోజుకీ కూడా మారతాయి. మీ ఆవుల మీద ఎక్కువగా ఉండేది రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అయి ఉండాలి, ప్రోటీన్లు వేరైనా దాని పద్ధతి ఇదే కోవది.

సీమ_పశువైద్యం:

పైన చాలా బాగా రాశారు. నేను ఫీల్డులో ఉన్న డాక్టర్ని, తమ్ముడి రెండో ప్రశ్నకు నేను చెబుతాను.

ఈ అణచివేత ప్రధానంగా కుట్టిన చోటే. ఒకటీ అరా పిడుదులు ఉంటే ఆవు మొత్తం ఇమ్యూనిటీకి ఏమీ కాదు. కానీ వందల్లో పట్టినప్పుడు సంగతి వేరు, రక్తం పోవడం, సరిగ్గా మేయకపోవడం, పాలు తగ్గడం, చర్మమంతా చిన్న చిన్న గాయాలు, ఇవన్నీ కలిసి పశువు నీరసించిపోతుంది, అప్పుడు ఏ జబ్బైనా తేలిగ్గా అంటుకుంటుంది. మైక్రోప్లస్ పిల్ల దశ నుంచి పెద్దదయ్యే దాకా దాదాపు 3 వారాలు ఒకే పశువు మీద గడుపుతుంది, తర్వాత ఆడ పిడుదు కింద పడి 2 వేలకు పైగా గుడ్లు పెడుతుంది. అందుకే పశువు మీద మాత్రమే మందు కొట్టి కొట్టంలో గోడల పగుళ్లు వదిలేస్తే లాభం లేదు.

నాకు అసలు భయం హైలోమా పిడుదు. కాళ్ల మీద తెల్లటి పట్టీలు కనిపిస్తాయి చూడండి, అది. థైలీరియా జ్వరాన్ని అంటించేది అదే, క్రాస్ ఆవులకు ప్రాణం మీదికి తెచ్చేది కూడా అదే. ఈ థైలీరియా అనే పరాన్నజీవి ఎక్కడ కాపురం పెడుతుందో తెలుసా? తెల్లరక్తకణాల్లోనే! క్రిములను మింగే మాక్రోఫేజ్‌ల లాంటి కణాల్లోకి దూరి, వాటిని ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది, కణం రెండైతే పరాన్నజీవి కూడా రెండవుతుంది. భుజం ముందున్న గ్రంథి వాచి చేతికి గట్టిగా తగిలేది అందుకే. దాన్ని చంపే కణాన్నే అది ఇల్లు చేసుకుంది, అందులోనూ లాలాజలం ముందే చదును చేసిపెట్టిన చర్మం మీదికి దిగుతుంది. థైలీరియాకు వేసే బ్యుపార్వాకోన్ అనే మందు సూది వేళకు పడితే చాలా పశువులు నిలబడతాయి, ఆలస్యమైతే కష్టం.

హైలోమా మూతి దించగానే థైలీరియా లోపలికి పోదు. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టాక రెండు మూడు రోజులకు గానీ దాని లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి అంటుకునే దశకు రాదు. కాబట్టి రోజూ పశువును తడిమి చూసి పెద్ద పిడుదులను తీసేసే అలవాటు ఊరికే పోదు.

ఎర్రనేల:

డాక్టర్ గారూ, రెండు మూడు రోజుల లెక్క థైలీరియాకు సరే గానీ, చదివినవాళ్లు దాన్ని అన్ని జబ్బులకూ పట్టించేస్తారేమోనని రాస్తున్నాను. వైరస్‌లు అంత ఆగవు. వైరస్ ముందే లాలాజల గ్రంథుల్లో ఉంటే కుట్టిన కాసేపటికే లోపలికి పోవచ్చు, అమెరికాలోని పొవాసన్ వైరస్ ఎలుకల మీద పరీక్షల్లో పావుగంటలోనే అంటుకుంది. మన పక్కనే కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరసగా చచ్చిపోతుంటే బయటపడిన క్యాసనూరు ఫారెస్ట్ జ్వరం కూడా పిడుదు వైరసే. అడవుల్లోకి కట్టెలకీ, పశువులను తోలుకుని వెళ్లేవాళ్లు ఒళ్లు కప్పుకుని పోవాలి, "సాయంత్రం ఇంటికొచ్చాక తీసేద్దాంలే" అంటే కుదరదు.

ఇంకొకటి, ఐరోపాలో మెదడువాపు తెచ్చే పిడుదు వైరస్ మీద 1990లలో స్లొవేకియా పరిశోధకులు చూపించిన సంగతి. ఎలుక రక్తంలో వైరస్ కనపడకపోయినా, దాని మీద పక్కపక్కనే కుడుతున్న పిడుదుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి వైరస్ చేరిపోయింది. మోసుకెళ్లింది ఆ ఎలుక తెల్లరక్తకణాలే, పిడుదు కుట్టిన చోటికి వచ్చిన కణాలు వైరస్‌ను ఎత్తుకుని చర్మంలో ఇంకో పిడుదు ఉన్న చోటికి చేరాయి. రక్తపరీక్షలో ఏమీ లేదని ఆ జంతువు జబ్బును వ్యాపింపజేయదు అనుకోవడానికి వీల్లేదు.

నెల్లూరు_గిత్త:

ఒంగోలు ఆవు ప్రశ్న నేను తీసుకుంటాను, పశు జన్యుశాస్త్రంలో పీజీ చేశాను, నా మనసుకు దగ్గరి విషయం.

మైక్రోప్లస్ పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతమే. మూపురం ఉన్న మన పశువులు, ఈ పిడుదు వేల ఏళ్లుగా కలిసి బతికాయి. యూరప్ జాతులకు దీని మొహం తెలియదు. ఆస్ట్రేలియాకు ఈ పిడుదు 19వ శతాబ్దంలో ఓడల్లో వెళ్లిన పశువులతో చేరితే అక్కడి యూరప్ జాతి మందలు అల్లాడిపోయాయి, చివరికి వాళ్లు మూపురం ఉన్న జాతులతో సంకరం చేసుకోవాల్సి వచ్చింది. బ్రెజిల్‌లో ఈ రోజు ఎక్కడ చూసినా కనిపించే నెలోరే పశువులు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్లిన వాటి సంతతే, అక్కడ వాటిని నెత్తిన పెట్టుకోవడానికి వేడిని తట్టుకోవడంతో పాటు పిడుదులను తట్టుకోవడం కూడా ఒక కారణం.

కొంత భాగం చర్మం, వెంట్రుకల వల్ల. మన ఆవు వెంట్రుక పొట్టిగా నున్నగా ఉంటుంది, ఒళ్లు నాక్కునే అలవాటు ఎక్కువ, చర్మాన్ని గట్టిగా ఆడిస్తుంది. కానీ అసలు తేడా ఇమ్యూనిటీలో ఉంది. కణం_కబుర్లు గారు చెప్పినదాన్ని బట్టి చూస్తే పిడుదే ఎప్పుడూ గెలుస్తుందనిపిస్తుంది, అలా ఏమీ లేదు. 1939లో విలియం ట్రేగర్ అనే అమెరికా శాస్త్రవేత్త గినీ పందుల మీద పిడుదు పిల్లలను వదిలాడు. మొదటిసారి అవి హాయిగా తాగి ఉబ్బాయి. అదే గినీ పంది మీద మళ్లీ వదిలితే చాలా వాటికి సరిగ్గా తాగడమే చేతకాలేదు. ఆ ఒంటికి పిడుదు గుర్తుండిపోయింది.

ఆ జ్ఞాపకం పనిచేసేది ఎక్కువగా బేసోఫిల్స్ ద్వారా అని తర్వాత తెలిసింది. రక్తంలోని తెల్లకణాల్లో అవి నూటికి ఒకటి కూడా ఉండవు, చాలాకాలం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి కుట్టినప్పుడు చర్మంలో కాపు కాసిన జ్ఞాపక టి కణాలు వాటిని పిలుస్తాయి, అవి వచ్చి పిడుదు మూతి చుట్టూ మూగి హిస్టమిన్ వదులుతాయి. ఎలుకల్లో బేసోఫిల్స్‌ను తీసేస్తే ఆ నిరోధకత పోయింది. హిస్టమిన్‌ను పట్టేసే ప్రోటీన్ల మీద పిడుదు అంత శ్రద్ధ ఎందుకు పెట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది చూడండి.

పశువుల్లో ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. మూపురం జాతిని, హెచ్.ఎఫ్. జాతిని పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనల్లో పిడుదు మీద యాంటీబాడీలు హెచ్.ఎఫ్.లోనే ఎక్కువ కనిపించాయి, పిడుదులూ దాని మీదే ఎక్కువ! మూపురం జాతుల్లో టి కణాల స్పందన బలంగా ఉంది. యాంటీబాడీ ఎంత పెరిగిందన్న ఒక్క లెక్కతో పిడుదు నిరోధకతను కొలవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. మీ నాన్న గారు ఆ ఆవును ఉంచుకోవడం మంచి పనే, దాని దూడల్లో పిడుదులు తక్కువ పట్టే వాటిని గుర్తుపెట్టుకోండి, ఈ లక్షణం కొంతవరకు తల్లిదండ్రుల నుంచి దిగుతుంది.

పల్నాడు_పాడి:

అందరికీ చాలా థాంక్స్ అండి, రెండుసార్లు చదివాను. ఇంకో ప్రశ్న వస్తోంది. లాలాజలానికే ఒంటిలో జ్ఞాపకం ఏర్పడుతుంటే, ఆ లాలాజలంలోని ప్రోటీన్లతోనే టీకా చేయొచ్చు కదా? ప్రతి సీజన్లో మందు కొట్టే బాధ తప్పుతుంది, ఈ మధ్య కొట్టిన మందుకు పిడుదులు చావడం కూడా తగ్గింది.

కణం_కబుర్లు:

చాలామంది అదే ప్రయత్నంలో ఉన్నారు. 2021లో యేల్ వాళ్లు ఐక్సోడిస్ లాలాజలంలోని 19 ప్రోటీన్లను ఏరి, కోవిడ్ టీకాల పద్ధతిలోనే ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసి గినీ పందులకు ఇచ్చారు. పిడుదు మూతి పెట్టగానే చర్మం ఎర్రబడింది, పిడుదులు సరిగ్గా తాగలేక ముందే రాలిపోయాయి, లైమ్ బ్యాక్టీరియా కూడా అంటుకోలేదు. ఆ టీకా పిడుదును చంపలేదు, దాని మత్తును విడగొట్టింది. మామూలుగా తెలియకుండా జరిగిపోయే పని తెలిసేలా చేసింది. ఎలుకల్లో మాత్రం అదే ఫలితం రాలేదు, జంతువును బట్టి ఇంత తేడా ఉండటం ఈ రంగంలో పెద్ద చిక్కు.

పశువులకు వచ్చిన టీకా వేరే దారిలో వచ్చింది. 1990లలో ఆస్ట్రేలియాలో టిక్‌గార్డ్, క్యూబాలో గావాక్ అని మైక్రోప్లస్ మీద టీకాలు వచ్చాయి. వాటిలో వాడిన బిఎం86 లాలాజలపు ప్రోటీన్ కాదు, పిడుదు పేగులోది. ఆవు రక్తంలోని యాంటీబాడీ పిడుదు కడుపులోకి పోయి పేగును దెబ్బతీస్తుంది. పిడుదు తన పేగు ప్రోటీన్‌ను ఆవుకు ఎప్పుడూ చూపించదు కాబట్టి దాన్ని దాచడానికి ఏ ఏర్పాటూ చేసుకోలేదు. లాలాజలం అలా కాదు, రోజూ ఆవు ఇమ్యూనిటీకి ఎదురుపడేదే కాబట్టి ఒక ప్రోటీన్‌ను ఆపితే అదే పని చేసే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. అందుకే ఒకటి రెండు ప్రోటీన్లతో చేసిన టీకాలు అంతగా నిలబడటం లేదు. బిఎం86 టీకా కూడా అన్ని ప్రాంతాల పిడుదుల మీద ఒకేలా పనిచేయలేదు, మందును పూర్తిగా మానిపించేది కాదు, తగ్గించేది.

రాలీ_రాజు:

నేను అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇక్కడ లోన్ స్టార్ అనే పిడుదు కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. లాలాజలంతో పాటు ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువు లోపలికి పోతుంది, కొందరి ఒంట్లో దాని మీద ఎలర్జీని తెచ్చే ఐజీఈ రకం యాంటీబాడీలు తయారవుతాయి. మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలన్నిటిలో అదే చక్కెర ఉంటుంది, కోడిలో చేపలో ఉండదు. రాత్రి మటన్ తింటే 3 నుంచి 6 గంటల తర్వాత, నిద్రలో ఉండగా, ఒళ్లంతా దద్దుర్లు, కడుపునొప్పి, కొందరికి ఊపిరాడకపోవడం. తిన్న వెంటనే రాదు కాబట్టి మటన్ మీద అనుమానమే రాదు. మా స్నేహితుల్లో ఒకాయన ఎన్నోసార్లు గ్యాస్ అనుకుని మాత్రలు మింగాడు, చివరికి ఎలర్జీ డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే తేలింది. ట్రెయిల్స్‌కి వెళ్లేవాళ్లు, పెరట్లో గడ్డి కోసేవాళ్లు ఇలాంటి లక్షణాలుంటే ఆ టెస్ట్ అడగండి.

నా ప్రశ్న ఏంటంటే, ఇమ్యూనిటీని అణిచే లాలాజలం ఎలర్జీని ఎలా తెస్తుంది? రెండూ ఎదురెదురు కదా?

కణం_కబుర్లు:

ఎదురెదురు కాదండి. లాలాజలం టి కణాలన్నిటినీ ఒకేలా పడుకోబెట్టదు. క్రిములను చంపే మాక్రోఫేజ్‌లను ఉసిగొలిపే టిహెచ్1 రకాన్ని తగ్గిస్తుంది, టిహెచ్2 రకం వైపు మొగ్గేలా చేస్తుంది. ఐజీఈ తయారు చేయమని, యాంటీబాడీలను తయారుచేసే బి కణాలకు చెప్పేది టిహెచ్2 వైపు ఉన్న కణాలే. ఆ మొగ్గు బ్యాక్టీరియాకు, వైరస్‌కు కలిసొస్తుంది, మీ స్నేహితుడి లాంటివాళ్లకు ఎలర్జీగా తేలుతుంది. అందరికీ ఎందుకు రాదన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. మళ్లీ మళ్లీ పిడుదు కుట్టకుండా చూసుకుంటే చాలామందిలో ఆ ఐజీఈ మెల్లగా తగ్గుతుంది, కాబట్టి ఆయన్ని జాగ్రత్తగా ఉండమనండి.

సీమ_పశువైద్యం:

చివరగా అందరికీ ఒక మాట. మనుషులకైనా పశువులకైనా పట్టిన పిడుదు మీద కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గోటితో నలపడం చేయకండి. చచ్చేలోపు అది లోపలున్నదంతా గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది, ఇంతసేపూ మనం మాట్లాడుకున్నది ఆ లాలాజలం గురించే కదా. చర్మానికి ఆనించి పట్టకారుతో మూతి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగండి. నలిపిన పిడుదు రక్తం చేతికి అంటనివ్వొద్దు, గ్లౌజులు వేసుకోండి. గుజరాత్‌లో 2011లో క్రిమియన్-కాంగో జ్వరం వచ్చినప్పుడు తెలిసింది కదా, హైలోమా మోసే ఆ వైరస్ రక్తం తగిలినా అంటుకుంటుంది.

పల్నాడు తమ్ముడూ, మందుకు చావడం లేదన్నావు కదా, అదే మందు మోతాదు పెంచి కొట్టకు. మందు రకం మార్చాలి, దేనికి మార్చాలో మీ డాక్టరు గారిని అడుగు. క్రాస్ పెయ్యలు ఉంటే థైలీరియా టీకా కూడా అడుగు, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. అయితే దాన్ని ద్రవ నైట్రోజన్‌లో ఉంచి తేవాలి కాబట్టి ఒక్క పెయ్య కోసం తెప్పించడం కష్టం, ఊళ్లో క్రాస్ ఆవులున్న నలుగురు కలిసి ముందే చెప్పి పెట్టుకోండి.

పల్నాడు_పాడి:

అలాగే డాక్టర్ గారూ. పాల కేంద్రం దగ్గర మావాళ్లతో మాట్లాడి ఎన్ని పెయ్యలున్నాయో రాసుకుంటాను. హైలోమా ఉందో లేదో కాళ్ల పట్టీలు చూసి ఫొటోలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.